పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు

పిహెచ్.డి.లో చేరేటప్పుడు నింపిన దరఖాస్తులో 'తల్లి వృత్తి' అని ఒక గడి ఉండింది. అందులో 'గృహిణి' అని రాశాను. అంతకుముందు ఇంటర్లో, డిగ్రీలో, హాస్టల్ ఫారాల్లో కూడా అదే రాశాను. ఆ హాస్టల్ ఫీజులు కట్టింది గార్లదిన్నెలో మా ఇంటి వసారాలో మా అమ్మ నడిపిన చిల్లర అంగడి. 'తండ్రి వృత్తి' గడిలో 'వ్యవసాయం' అని రాసేదాన్ని. ఆ వ్యవసాయం మాకు మిగిల్చినవి బాకీలు.

ఈ తప్పు దరఖాస్తుల దగ్గరే ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. రాయలసీమ కరువు కథల్లో స్త్రీ పాత్రల మీద నేను పరిశోధన చేశాను. చేలో కూలికి పోయే స్త్రీ, బిందె పట్టుకుని నీళ్ల కోసం తిరిగే స్త్రీ, భర్త పురుగుమందు తాగి చనిపోయాక మిగిలిన స్త్రీ, పిల్లల్ని అత్త దగ్గర వదిలి వలసపోయిన స్త్రీ... ఒక్కొక్కరికి ఒక అధ్యాయం ఇచ్చాను. అంగడి పెట్టుకున్న స్త్రీకి ఒక్క పేరా కూడా ఇవ్వలేదు. ఎందుకు లేదని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

2025 డిసెంబరులో అమ్మ ఫోన్ చేసి అంగడి ఎత్తేస్తున్నానని చెప్పింది. "మోకాళ్లు పైకి లేయనీయడంల్యా పాపా. వచ్చేవాళ్లూ తగ్గినారు. ఒక దినం వచ్చి సామాన్లు తీపిచ్చిపో" అంది. 1994లో మా బోరు ఎండిపోయిన ఏడాది పెట్టిన అంగడి. నాకప్పుడు నాలుగేళ్లు. 31 ఏళ్ల అంగడిని ఒక్క దినంలో తీసేయడానికి నేను బస్సెక్కాను.

గార్లదిన్నె అనంతపురానికి ఉత్తరంగా, గుత్తికి పోయే దారిలో, హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి మీద ఉంటుంది. దిన్నె అంటేనే మెట్ట. మండలంలోనే పెనకచెర్ల డ్యాం ఉంది, దానికి తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు అందే పొలాలు వేరు, వాన కోసం మొహం పైకెత్తి చూసే పొలాలు వేరు. మాది రెండో రకం. ఊరికి ఒక పక్క రైలు స్టేషను, ఇంకో పక్క రోడ్డు. ఈ రెండింటి మధ్యనే మండలాఫీసుకు, బ్యాంకుకు, ఆస్పత్రికి వచ్చిన చుట్టుపక్కల పల్లెల జనమంతా తిరుగుతారు. వాళ్లను నమ్ముకుని వరసగా అంగళ్లు. మా వైపు షాపనీ, కొట్టనీ, దుకాణమనీ అనరు. బంగారం అమ్మినా, బొరుగులు అమ్మినా అంగడే.

బస్సు దిగి తిన్నగా ఇంటికి పోకుండా ఆ వీధిని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. పుట్టి పెరిగిన ఊరు. అయినా ఏ అంగట్లో ఎవరు కూచుంటారో లెక్కపెట్టి చూడటం అదే మొదటిసారి. ఎరువులు, విత్తనాలు, మోటారు రిపేరు, సిమెంటు, మందుల అంగళ్లలో మగవాళ్లు. పూలు, టిఫిను, కూరగాయలు, జాకెట్లు కుట్టే అంగళ్లలో ఆడవాళ్లు. జిరాక్సు అంగట్లో జీతానికి ఒక అమ్మాయి. చిల్లర అంగళ్లలో మాత్రం పైన బోర్డు మీద మగపేరు, లోపల తక్కెడ దగ్గర ఆడమనిషి. మా ఇంటి ముందు బోర్డు కూడా అంతే. 'జనరల్ స్టోర్స్' ముందు మా నాన్న పేరుంది. ఆయన ఆ అంగట్లో కూచున్నది అమ్మ కాన్పుకో, చావుకో పుట్టింటికి పోయిన రోజుల్లోనే.

ఇలా ఒక రోజంతా అంగళ్ల వెంట తిరిగి రాసిన పుస్తకం మనకు పాతదే ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న 'క్రీడాభిరామం'. అది శ్రీనాథుడిదే అనే వాదం కూడా ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒక దినం తిరుగుతారు. ఆనాటి నగర జీవితానికి ఆధారంగా చరిత్రకారులు ఆ పుస్తకాన్ని ఎంతో వాడుకున్నారు. నేనూ ఎం.ఏ.లో దాన్ని అలాగే చదివాను. వీధిలో కనబడిన ఆడవాళ్లను ఆ ఇద్దరూ ఎలా చూస్తారో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. ఆమె ఏం పని చేస్తోంది, ఆ పనికి ఏం వస్తోంది అనే దాని కన్నా ఆమె నడుం మీద, నడక మీద వాళ్లకు ధ్యాస ఎక్కువ. అందులో ఒక రూకకు దొరికే పూటకూటి భోజనం గురించి ప్రసిద్ధమైన పద్యం ఉంది. వడ్డించిన వంటకాలన్నీ వరసగా చెబుతుంది. అది ఎవరి ఇల్లో, ఆ ఇంటి యజమాని పేరేమిటో చెబుతుంది. పొద్దున్నే లేచి వండిందెవరో మాత్రం చెప్పదు. మా ఇంటి ముందు బోర్డు లాంటిదే ఆ పద్యం.

ఆ పూటకూటి ఇల్లు తర్వాత మళ్లీ బాగా కనబడేది గురజాడ దగ్గర. 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివే రూపం 1909లో వచ్చింది. అందులో పూటకూళ్ళమ్మకు పేరు లేదు. బుచ్చమ్మకు ఉంది, మీనాక్షికి ఉంది, మధురవాణికి సరేసరి. సొంత సంపాదన మీద ఇల్లు నడుపుకునే విధవరాలికి మాత్రం ఆమె చేసే వ్యాపారమే పేరు. నాటకం మొదలవుతూనే గిరీశం ఆమె సంగతి చెబుతాడు. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని ఆ డబ్బు మధురవాణి కోసం ఖర్చు పెట్టేశాడు. తర్వాత ఆమె చీపురు పట్టుకుని మధురవాణి ఇంటి మీదికి వస్తుంది. నూరేళ్లకు పైగా మనం ఆ దృశ్యానికి నవ్వుతున్నాం. నేనూ పాఠం చెబుతూ పిల్లల్ని నవ్వించాను.

ఆ ఇరవై రూపాయలు ఏమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మ అంగట్లో డబ్బాలు దించుతూ ఉంటే తట్టింది. అది ఆమె పెట్టుబడి. సంత సామాను డబ్బు. బియ్యం, పప్పు, కూరగాయలు. ఆ డబ్బు పోతే మరునాడు ఆమె దగ్గర పూటకూడుకు కుదురుకున్నవాళ్లకు ఏం వండి పెట్టాలి? ఎవరి దగ్గర అప్పు తేవాలి? వచ్చే నెల ఆ అప్పు ఎట్లా తీరాలి? నాటకం అడగదు. విమర్శకులు గిరీశం స్వభావం గురించి, గురజాడ హాస్యం గురించి, సంఘసంస్కరణ గురించి పుస్తకాలు రాశారు. పూటకూళ్ళమ్మను గిరీశంతో ఉన్న సంబంధంలోనే చూశారు. ఆమె చేతిలో చీపురు అసూయ పడ్డ ఆడదాని చీపురుగా మనకు కనబడింది. పెట్టుబడి పోయిన వ్యాపారి చీపురుగా కనబడలేదు.

కనబడకపోవడానికి భాష కూడా కారణమే. వెల అనే మాట ఆలు పక్కన చేరితే వెలయాలు అవుతుంది. బజారు అనే మాట ఆడదాని పక్కన చేరితే తిట్టవుతుంది. సంసారం బజారుకెక్కింది అంటాం, పరువు బజారున పడింది అంటాం, నన్ను బజారుకీడ్చింది అంటాం. అదే బజారులో మగవాడు నిలబడితే వర్తకుడు, షావుకారు, వ్యాపారి. మా నాన్న చాలా ఏళ్లు బంధువులతో "ఊరికే కాలక్షేపానికి పెట్టుకునిందిలే" అని చెప్పేవాడు. మాది వ్యవసాయం చేసే కులం. మా కులపు ఆడది తక్కెడ పట్టుకోవడం నామోషీ. అందుకే అంగడి వీధిలోకి రాకుండా వసారాలోనే ఉండిపోయింది. వసారాలో ఉంటే ఇల్లే అని చెప్పుకోవచ్చు. నేను 'గృహిణి' అని రాసింది కూడా ఆ నామోషీతోనే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక నా సొంత రంగం సీమ కథ. గార్లదిన్నె పక్క మండలం శింగనమలలోని తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో రంగడినీ, గంగమ్మనూ మన ముందు నిలబెట్టాడు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, శాంతినారాయణ, బండి నారాయణస్వామి ఈ జిల్లా నుంచే రాశారు. కరువు దేవుడిచ్చింది కాదనీ, దాని వెనక నీళ్ల రాజకీయం, మార్కెట్టు, అప్పు ఉన్నాయనీ చెప్పింది ఈ కథకులే. వాళ్లు రాయకపోతే మా ఊరు సాహిత్యంలో లేదు. ఆ రుణం నాకుంది. దానితో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది. నేను చదివిన కరువు కథల్లో అంగడి అంటే ఎక్కువగా రైతును పీల్చే చోటు. మండీ, ఎరువుల అంగడి, వడ్డీకిచ్చే షావుకారు. అది నిజమే. ఆ షావుకారుకు ఎదురుగా, అదే వీధిలో, పావుకేజీ పప్పు అప్పుకిచ్చి మూడు నెలలు అడగకుండా ఉన్న ఆడమనిషి కూడా నిజమే. ఆమె కథలోకి రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తోచిన కారణం ఇది. కథకు సంఘటన కావాలి. బోరు ఫెయిలవడం సంఘటన, పంట ఎండటం, ఎద్దుల్ని అమ్మడం, ఉరి పోసుకోవడం సంఘటనలు. అంగట్లో సంఘటనలుండవు, రోజులుంటాయి. పొద్దున ఐదుకు పాల పాకెట్లు, రాత్రి తొమ్మిదికి దోమల చుట్టలు. రెండు రూపాయలు మిగిలే బేరం మీద కథ ఎవరు రాస్తారు? భూమి పోతే విషాదం. ఆ భూమి పోయిన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది కథకు పనికిరాని వివరం. విమర్శ కూడా ఆ విభజననే ఒప్పుకుంది. రైతు ఉత్పత్తిదారు, భార్య అతని కష్టంలో భాగస్వామి. నా సిద్ధాంత గ్రంథంలో 'భాగస్వామి' అనే మాట ఎన్నిసార్లు వాడానో ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది.

స్త్రీవాద కథ ఈ లోటు తీర్చిందా? పి. సత్యవతి 'ఇల్లలకగానే' లేకపోతే నా తరం ఆడపిల్లలకు ఇంటిని చూసే కళ్లు వచ్చేవి కావు. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయిన ఆ ఇల్లాలు మనందరిలో ఉంది. కానీ మన కథ, మన విమర్శ ఇంటి గడప లోపల చాలా శ్రద్ధగా చూశాయి. గడప దాటితే ఆఫీసును, కాలేజీని, వేదికను చూశాయి. ఇంటికీ వీధికీ మధ్యనుండే వసారా మీద, అరుగు మీద చూపు ఆగలేదు. అక్కడ కూచున్న మనిషి ఇంటి పేరూ వీధి పేరూ రెండూ లేకుండా పోయింది.

మా అమ్మకు ఊళ్లో పేరేమిటో ఆ రోజు బస్టాపు దగ్గర నాకు గుర్తుకు తెచ్చిన మనిషి గురించి చెప్పాలి. నాలుగు గుంజలు పాతి, పైన రేకు వేసిన అంగడి. నానబెట్టి పిండిన బొరుగుల్లో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తిరగమోత వేసి, పప్పులపొడి చల్లి ఒగ్గాణి చేస్తోంది. పక్కన బాణలిలో మిరపకాయ బజ్జీ. నన్ను చూడగానే, "అంగడామె కూతురివి గదా పాపా నువ్వు?" అంది. అంగడామె! పూటకూళ్ళమ్మకు మా ఊరి మాట.

ఆమె కాలనీ మనిషి. ఇరవై ఏళ్ల కిందట ఈ పని మొదలుపెట్టింది. పొదుపు గ్రూపు అప్పుతో గిన్నెలు కొనుక్కుంది. మొదట్లో బొరుగులు మా అమ్మ అంగట్లోనే అప్పుకు తీసుకునేదట. "మెట్టు కిందనే నిలబడుకోని అడుగుతాంటిమి. దుడ్లు అరుగు మీద పెడ్తే మీ అమ్మ నీళ్లు చల్లి తీసుకుంటాండె" అని నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను. నా మొహం చూసి, "మూన్నెల్లు బాకీ అడగకుండా ఇచ్చింది కూడా మీ అమ్మేలే. ఇంకెవురిచ్చినారు?" అని ప్లేటులో ఇంకో బజ్జీ వేసింది.

ఊరి లోపల కాకుండా రోడ్డు మీదనే ఎందుకు పెట్టావని అడిగాను. "లోపల పెట్టింటే మా చేతిది ఎవురు తింటారు పాపా? ఈడ బస్సు దిగినోళ్లకు ఆకలి తెలుస్తాది గానీ కులం తెల్దు." ఈ రెండు వాక్యాల్లో ఉన్నది నేను చదివిన ఏ మార్కెట్టు సిద్ధాంతంలోనూ ఇంత స్పష్టంగా చూడలేదు. బజారు ఆమెకు పరువు తీసే చోటు కాదు, ఊరు ఇవ్వని బతుకు ఇచ్చిన చోటు. ఆడదానికి బజారు నిషిద్ధం అని పైన నేను రాసిన మాటలు అగ్రకులాల ఆడవాళ్ల గురించే సరిపోతాయి. ఆమె అమ్మ, అమ్మమ్మ ఎప్పుడూ బయటే ఉన్నారు, బయటే పనిచేశారు. మా అమ్మను వసారాలో ఆపిన కులమే ఆమెను మా మెట్టు కింద ఆపింది. ఇద్దరినీ 'అంగడి స్త్రీ' అని ఒకే అధ్యాయంలో పెట్టేస్తే అది నేను చేసే రెండో తప్పు అవుతుంది.

ఆమె గుంజకు ఒక క్యూఆర్ కోడు అట్ట వేలాడుతోంది. ఎవరో ముప్పై రూపాయలు వేశారు. డబ్బు పడిందని పక్కన పెట్టె గట్టిగా అరిచింది. ఆ డబ్బు పడేది ఆమె కొడుకు ఖాతాలో. "సాయంత్రం వాడిస్తే బొరుగులు తెచ్చుకుంటా" అంది. పూటకూళ్ళమ్మ తన డబ్బు సంత సామానుకని గిరీశం చేతిలో పెట్టింది. ఈమె డబ్బు చేతిలోకి రాకముందే వేరే జేబులో ఉంది. కొడుకు మంచివాడే కావచ్చు. సంపాదన తన చేతిలో ఉండటం ఇంకొకరి మంచితనం మీద ఆధారపడటం గురించే నా బాధ.

ఆ పక్క వీధిలో జాకెట్లు కుట్టే అక్క దగ్గర కూడా కాసేపు కూచున్నాను. ఆమె కొలతల పుస్తకంలో పేర్లు తక్కువ. ఒక్కో కొలత పక్కన ఆ జాకెట్టు గుడ్డ ముక్క పిన్నుతో గుచ్చి ఉంటుంది. పేరు మరిచిపోతాను గానీ గుడ్డ మరిచిపోను అంది. కాన్పు తర్వాత ఎవరికి ఎంత వదులు చేసిందో, కూలికి పోయి ఎవరు ఎంత చిక్కారో ఆ పుస్తకంలో ఉంది. ఊళ్లో ఆడవాళ్ల శరీరాల చరిత్ర ఎక్కడైనా రాసి ఉందంటే అక్కడే.

అక్కడ నుంచి ఇంటికి పోయి అమ్మ పద్దుల పుస్తకాలు అడిగాను. ఇనుప పెట్టెలో 40కి పైగా ఉన్నాయి. పొడుగు నోటు పుస్తకాలు, స్కూలు నోటు పుస్తకాల్లో నేను రాయగా మిగిలిన కాగితాలు కుట్టినవి. 2002 నాటిది తెరిచాను. దేశమంతా వానలు ముఖం చాటేసిన ఏడాది అది. జూన్ పేజీల్లో కందిపప్పు పావుకేజీ, నూనె పావు, బెల్లం, టీపొడి, ఒంటిసబ్బు ఉన్నాయి. ఆగస్టుకు ఒంటిసబ్బు పోయింది. సెప్టెంబరులో పావుకేజీ పోయి 'కందిపప్పు 2 రూ.' అయింది. అంటే గుప్పెడు. నవంబరుకు పప్పు మాటే లేదు. ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు. ముద్దలోకి కారం నూరుకుంటున్నారన్నమాట. తర్వాత కొన్ని పేజీల్లో పేరు మీద అడ్డంగా గీత గీసి పక్కన 'బెంగుళూరు' అని ఉంది. కొన్నిటి కింద ఏడాది తర్వాత వేరే సిరాతో 'జమ' అని ఉంది. కొన్నిటి కింద ఏమీ లేదు.

కరువు గురించి ఎన్నో పేజీలు రాశాను. పప్పు పావుకేజీ నుంచి రెండు రూపాయలకు, అక్కడ నుంచి సున్నాకు ఎలా దిగుతుందో ఒక్క పేజీలోనూ చెప్పలేకపోయాను. ఏడో తరగతి చదివిన మా అమ్మ దాన్ని రోజూ రాసిపెట్టింది. దాన్ని సాహిత్యం అనాలని నేను పట్టుబట్టడం లేదు. కరువు సాహిత్యం చదివే మనిషి దాన్ని చదవకుండా కరువు గురించి మాట్లాడకూడదు అంటున్నాను.

ఆ పుస్తకంలోనే ఇంకొకటి కూడా కనబడింది. ఊరి లోపలి వాళ్లకు పేర్లున్నాయి. పేరు లేకపోతే ఇంటి పేరో, వీధి పేరో ఉంది. కాలనీ నుంచి వచ్చిన వాళ్లకు పేర్లు లేవు. 'కాలనీ ఆమె', 'కాలనీ ఆమె 2', 'కాలనీ ముసలామె'. పూటకూళ్ళమ్మకు గురజాడ పేరు పెట్టలేదని బాధపడ్డాను గదా, మా అమ్మ చేసింది కూడా అదే పని. ఊరంతా అంగడామె అని పిలిచిన మనిషి తను పేరు రాయవలసిన చోట వాళ్ల పేరు రాయలేదు. నీళ్లు చల్లిన సంగతి అడిగాను. అమ్మ తూకం రాళ్లు గుడ్డతో తుడుస్తూ కూచుంది. చాలాసేపటికి "అందరూ అట్లనే చేస్తాండ్రి" అంది. ఆ జవాబు సరిపోదని ఆమెకూ తెలుసు, అందుకే నా వైపు చూడలేదు.

ఈ పుస్తకాలు నాకివ్వమని అడిగాను. ఇవ్వనంది. నీళ్లకాగు పొయ్యిలో వేసేస్తానంది. నాకు కోపమొచ్చింది. ఇవి ఎంత విలువైనవో, పరిశోధనకు ఎంత పనికొస్తాయో చెప్పాను. "ఎవురి మానం వాళ్లది పాపా. కరువులో అప్పు తీసకపోయినోళ్ల పేర్లు నీకెందుకు? వాళ్ల పిల్లోళ్లు ఇప్పుడు బాగుండారు. నీ పుస్తకంలో చూసుకుంటే ఎట్లుంటాది?" అంది. నా దగ్గర జవాబు లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పటి నుంచి మనం ఆడవాళ్ల మాటల్ని రికార్డు చేయడం గురించి మాట్లాడుతున్నాం. ఆ పుస్తకంలో ఆడవాళ్లు తమ కథ తామే చెప్పారు. పద్దుల పుస్తకంలో ఉన్నది వేరేవాళ్ల కథ, వాళ్ల అనుమతి లేకుండా, వాళ్ల బాకీ రూపంలో. పరిశోధకురాలికి దొరికిన ఆధారం ఇంకొక ఆడదాని సిగ్గు కావచ్చు. ఈ మాట నాకు ఏ పరిశోధనా పద్ధతుల క్లాసులోనూ తగలలేదు, అంగట్లో తగిలింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పేర్లు వదిలేసి సామాన్లు, తూకాలు, తేదీలు మాత్రం రాసుకోవచ్చు. సాయంత్రం దాకా గోడకు ఆనుకుని 2002, 2003 పుస్తకాలు ఎత్తి రాసుకున్నాను. అమ్మ మధ్యమధ్యలో వచ్చి చూసి, "అది వంటనూనె కాదు, దీపానికి" అని సరిచేసింది. చీకటి పడ్డాక ఒక్కొక్క పుస్తకం పొయ్యిలోకి పోయింది. నేను ఆపలేదు. ఆపకపోవడం సరైందేనా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అంగడి ఎందుకు పడిపోయిందని అడిగితే అమ్మ మూడు కారణాలు చెప్పింది. బియ్యం కార్డు మీద వస్తాయి. పిల్లలు ఫోన్లో ఆర్డరు పెడతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక నూనె పాకెట్టుకు కూడా అనంతపురం పోతున్నారు. చివరిది చెబుతూ, "పోనీలే, ఆడోళ్లు చేతిలో పైసా లేకుండా యాడికైనా పోతాండారు గదా" అంది. తన గిరాకీ పోయినందుకు బాధ, వాళ్లు కదిలినందుకు సంతోషం ఒకే మాటలో పెట్టగలిగింది. నేనూ ఆ ఉచిత టికెట్టు మీదే దిగాను మరి.

ఈ అంగళ్లు కథల్లోకి ఎప్పుడొస్తాయి? బయటివాళ్లు చూసి రాస్తే మళ్లీ మంచనశర్మ చూపే వస్తుందేమో అని నా భయం. చిత్తూరు జిల్లా ఆడవాళ్ల పత్రిక 'నవోదయం'లో పనిచేసిన ఎండపల్లి భారతి 'ఎదారి బతుకులు' రాసినప్పుడు, కూలిపని చేసే దళిత స్త్రీ తన దినచర్యనే కథ చేయగలదని మనకు తెలిసింది. పెద్ద సంఘటన అవసరం లేదని కూడా తెలిసింది. అంగడి కథ కూడా అలాగే లోపల నుంచి రావాలి. అది వచ్చేదాకా విమర్శ చేయవలసిన పని ఒకటుంది. ఉన్న పుస్తకాల్లోకే మళ్లీ వెళ్లి అమ్మే ఆడవాళ్లను, అప్పిచ్చే ఆడవాళ్లను, పూట కూడు పెట్టే ఆడవాళ్లను వెతకాలి. వాళ్ల డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరి చేతికి పోయింది అని లెక్క అడగాలి. ప్రేమ కథగానో, హాస్యంగానో చదివిన చోట పద్దు పుస్తకం తెరిచి చూడాలి. అక్కడ ఎవరి పేరు రాశారు, ఎవరి పేరు రాయలేదు అని కూడా చూడాలి.

మర్నాడు పొద్దున బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒగ్గాణి అంగడి ఆమెను పేరు అడిగాను. ముప్పై ఏళ్లుగా ఒకే ఊరి వాళ్లం, అప్పుడు అడిగాను. చెప్పింది. ఒక పత్రికకు రాస్తున్నానని, పేరు వేయమంటావా అని అడిగితే కాసేపు ఆలోచించింది. "నీ పత్రికలో వద్దులే పాపా. ఈ తూరి లోను వస్తే బోర్డు రాపిచ్చుకుంటా. దాని మీద ఏస్తా" అంది. అమ్మ కూడా తన పేరు వేయొద్దనే అంది. అందుకే ఇద్దరి పేర్లూ ఈ వ్యాసంలో లేవు.

పోయిన నెల ఒక ప్రాజెక్టు కోసం మళ్లీ దరఖాస్తు నింపవలసి వచ్చింది. తల్లి వృత్తి గడిలో 'వ్యాపారం (1994–2025)' అని రాశాను. గడి చిన్నది, అక్షరాలు కొంచెం బయటికి పోయాయి.